గోనె సంచులతో బిల్డింగులు కప్పే ఘానా ఆర్టిస్టు ఇబ్రహీం మహామా - మాట్లాడుకుందాం రండి

రంగులపెట్టె:
ఈ విభాగంలో ఆఫ్రికా ఆర్టిస్టుల మీద ఒక్క థ్రెడ్డు కూడా కనపళ్లేదు, అందుకే నేనే మొదలుపెడుతున్నా. ఇబ్రహీం మహామా అని ఘానా ఆయన, 1987లో టమాలేలో పుట్టాడు, టమాలే అంటే ఆ దేశానికి ఉత్తరాన ఉన్న పెద్ద ఊరు. 2025 డిసెంబర్‌లో ఆర్ట్ రివ్యూ పత్రిక ఏటా వేసే పవర్ 100 లిస్టులో, అంటే ఆర్టు ప్రపంచంలో బాగా పలుకుబడి ఉన్నవాళ్ల లిస్టులో, ఈయన్ని మొదటి స్థానంలో పెట్టారు, ఆఫ్రికా నుంచి ఆ స్థానానికి వచ్చిన మొదటి మనిషి ఈయనే. లిస్టుల సంగతి పక్కనపెట్టండి, నాకు ఈయన ఎందుకు నచ్చాడంటే ఈయన పని చేసేది గోనె సంచులతో. కొత్తవి కాదు, వాడి వాడి చిరిగి, మాసికలు పడి, మసి పట్టినవి.

ఆ సంచి కథేంటంటే, నేసేది బంగ్లాదేశ్‌లో, మన ఇండియాలో. ఓడెక్కి ఘానా పోతుంది, అక్కడ కోకో గింజలు నింపుతారు. దేశంలోనే మిగిలిపోయిన సంచుల్లో తర్వాత బియ్యం, మొక్కజొన్న, జొన్నలు పోస్తారు. ఇంక ధాన్యానికి పనికిరాదు అనుకున్నాక వంటకి వాడే కట్టె బొగ్గు నింపుతారు. అదిగో ఆ బొగ్గు దశలో మహామా మనుషులు బజారుకెళ్లి కొత్త సంచులిచ్చి పాతవి తెచ్చుకుంటారు. వాటిని వందలకొద్దీ కలిపి కుట్టించి పెద్ద పెద్ద బిల్డింగుల మీంచి వేలాడదీస్తాడు. 2015లో వెనిస్ బియెన్నాలేలో (బియెన్నాలే అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద ఆర్ట్ ఎగ్జిబిషన్) ఒక పొడవాటి నడవాకి రెండు వైపులా గోడలన్నీ కప్పేశాడు, అప్పటికి ఆయనకి 28 ఏళ్లు, ఆ ఎగ్జిబిషన్‌లో అందరికన్నా చిన్నవాడు. 2017లో జర్మనీలోని కాసెల్ ఊళ్లో కప్పాడు, 2019లో ఇటలీలోని మిలాన్‌లో పోర్టా వెనీసియా దగ్గర పాత సుంకం గేట్లు. 2025 డిసెంబర్ నుంచి 2026 మార్చి దాకా జరిగే కొచ్చి బియెన్నాలేలో ఉంది ఆయన పని, ‘పార్లమెంట్ ఆఫ్ ఘోస్ట్స్’ అని, నేను చూసొచ్చాను, ఒక పాత గిడ్డంగి లోపల గోడలంతా గోనె సంచులే, మధ్యలో ఎవరో వాడి పారేసిన కుర్చీలు సభలో వేసినట్టు వేశారు. దగ్గరికెళ్లి చూస్తే ఒక సంచికి చిరుగు మీద ఇంకో సంచి ముక్క, దాని మీద ఇంకో ముక్క, మూడు రకాల పురికొస. ఎవరు కుట్టుంటారో ఆ చిరుగుని అనుకుంటూ అక్కడే నిలబడిపోయాను. చూసినవాళ్లు, ఈయన గురించి తెలిసినవాళ్లు రాయండి.

కోకో_తోట:
రంగులపెట్టె గారూ నాకు ఆర్టు గురించి పెద్దగా తెలీదండి కానీ కోకో అన్నారు కాబట్టి వచ్చాను. మాది ఏలూరు జిల్లా, కొబ్బరి తోటలో అంతరపంటగా కోకో వేశాం. మన దేశంలో కోకో ఎక్కువ పండేది ఆంధ్రాలోనే అని చాలామందికి తెలీదు. కాయ కొట్టి గింజలు తీసి గోతాలు కప్పి ఆరేడు రోజులు పులియబెడతాం, ఆ గోతానికి పట్టే పులుపు వాసన ఎన్నిసార్లు ఉతికినా పోదు. మీరు చెప్పిన సంచుల్లో కూడా ఆ వాసన ఉండే ఉంటుంది.

2024లో రేటు కిలో వెయ్యి దాకా వెళ్లింది, అందరూ సంబరపడ్డాం, తర్వాతేడాది సగానికి పడిపోయింది. ఎందుకు పెరిగింది అని అడిగితే ఘానాలో ఐవరీకోస్ట్‌లో పంట పోయింది అన్నారు. అంటే అక్కడి రైతు ఏడిస్తే ఇక్కడ మేము నవ్వామన్నమాట, అప్పట్లో ఆ ఆలోచనే రాలేదు. అక్కడ రైతుకి ఆ పెరిగిన రేటు దక్కిందా అసలు?

టెమా_తెలుగు:
కోకో_తోట గారూ నేను ఘానాలోనే ఉంటానండి, టెమా పోర్టు దగ్గర ఉద్యోగం. మీ ప్రశ్నకి సమాధానం: పెద్దగా దక్కలేదు. ఇక్కడ కోకో కొనేది ప్రభుత్వ బోర్డు, కోకోబాడ్ అంటారు, 1947లో తెల్లవాళ్ల కాలంలోనే పెట్టారు. రైతుకి రేటు సీజన్ మొదట్లో బోర్డే ప్రకటిస్తుంది. బోర్డు పంట రాకముందే ముందస్తుగా అమ్మేసుకుంటుంది కాబట్టి ప్రపంచ మార్కెట్లో టన్ను 12,000 డాలర్లు దాటినప్పుడు కూడా ఇక్కడి రైతు చేతికొచ్చింది అందులో కొంతే. ఆ కోపంతో చాలామంది గింజలు సరిహద్దు దాటించి అమ్ముకున్నారు.

పంట పోవడానికి వానలు, చెట్లకొచ్చే వైరస్ తెగులు ఒక కారణం. ఇంకోటి గలామ్సే. అంటే పర్మిషన్ లేకుండా బంగారం తవ్వడం. కోకో తోటల్ని అలాగే కొనేసి తవ్వేస్తారు, బంగారం విడదీయడానికి పాదరసం వాడతారు, ప్రా నది అంకోబ్రా నది రెండూ ఇప్పుడు మజ్జిగలో బురద కలిపిన రంగులో పారుతున్నాయి. తాగునీటి ప్లాంట్లు ఆ నీళ్లని శుద్ధి చెయ్యలేక ఆపేసిన రోజులున్నాయి. మహామా సంచి మీద కోకోబాడ్ ముద్ర చూసినప్పుడల్లా నాకు ఇదంతా గుర్తొస్తుంది.

నల్లరేగడి:
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను అవతలి వైపు నుంచి అడుగుతా, తప్పుగా అనుకోకండి. బిల్డింగులకి గుడ్డ చుట్టడం కొత్తేం కాదు కదా, క్రిస్టో, జాన్ క్లోడ్ అని భార్యాభర్తలు 1995లోనే బెర్లిన్‌లో జర్మనీ పార్లమెంటు బిల్డింగునే చుట్టేశారు. ఈయన గుడ్డ బదులు గోనె పెట్టాడు. పేదరికాన్ని తీసుకెళ్లి యూరప్‌లో గోడకి వేలాడదీస్తే అక్కడ వైన్ గ్లాసు పట్టుకుని తిరిగేవాళ్లు అబ్బా ఎంత బాగుంది అంటారు, అమ్ముడుపోతుంది, బొగ్గు మోసేవాడికి ఏం ఒరుగుతుంది? పాత సంచులు మళ్లీ వాడుతున్నాడు, పర్యావరణానికి మంచిది అంటారు, కానీ టన్నులకొద్దీ సంచులు కంటైనర్లలో ఖండాలు దాటిస్తే అదేం పర్యావరణం?

రంగులపెట్టె:
నల్లరేగడి గారూ మంచి ప్రశ్నలు, ఒక్కోటి చెప్తాను, కాస్త పెద్దదవుతుంది ఓపిక పట్టండి.

క్రిస్టో వాళ్లు వాడింది దానికోసమే మిల్లులో కొత్తగా నేయించిన గుడ్డ. దాని పని బిల్డింగు ఆకారాన్ని మనకి కొత్తగా చూపించడం. మహామా సంచి అప్పటికే మూడు నాలుగు బతుకులు బతికి వచ్చింది. దాని మీద ‘ఘానా ఉత్పత్తి’ అని ముద్ర ఉంటుంది, దాని పక్కనే సంచి సొంతదారు పేరు మార్కర్‌తో రాసుంటుంది, బజార్లో తన మూట ఇంకోళ్లది కలిసిపోకుండా. ఇక్కడ అసలు విషయం ఒకటుంది. ఉత్తర ఘానా నుంచి ఆడపిల్లలు దక్షిణాన ఉన్న రాజధాని అక్రా బజార్లకి మూటలు మొయ్యడానికి వెళ్తారు, కయాయే అంటారు వాళ్లని. వాళ్లలో చాలామంది ముంజేతి మీద తమ పేరు, సొంతూరి పేరు పచ్చబొట్టు పొడిపించుకుంటారు. ఎందుకంటే దారిలో యాక్సిడెంటై చచ్చిపోతే ఎవరి పిల్లో తెలియడానికి. మహామా ఆ చేతుల్ని దగ్గరగా ఫొటోలు తీశాడు, ఆ ఫొటోలు సంచుల పనితో పాటే చూపిస్తాడు. సంచి మీద పేరు, చేతి మీద పేరు. ఆ రెండూ పక్కపక్కన చూశాక నాకు క్రిస్టో గుర్తుకు రాలేదండి.

ఆ పిల్లలు ఉత్తరం నుంచే ఎందుకు వస్తారు అంటే రైలు పట్టాల మ్యాపు చూడాలి. బ్రిటిష్ వాళ్లు 1898లో దక్షిణ తీరంలోని సెకొండి రేవు నుంచి పట్టాలు వెయ్యడం మొదలుపెట్టారు, 1901కి టార్‌క్వా బంగారు గనుల దాకా, 1903కి కుమాసి నగరం దాకా. బంగారం కలప కోకో రేవుకి దింపుకోవడం వాళ్లకి కావాలి, అంతే. ఉత్తరానికి రైలు ఎప్పుడూ రాలేదు, ఇవాళ్టికీ లేదు. ఉత్తరం వాళ్లకి కావాల్సింది గనుల్లోకి తోటల్లోకి కూలీలుగా మాత్రమే. కాసెల్‌లో చేసిన పనికి ఆయన పెట్టిన పేర్లోనే సెకొండి లోకో, 1901 అని ఉంటుంది, సెకొండి రైల్వే వర్క్‌షాపు గుర్తుగా. దాన్ని కొంత ఏథెన్స్‌లో సింటాగ్మా చౌరస్తాలో పబ్లిక్‌గా కూర్చుని కుట్టించాడు, ఎవరైనా వచ్చి సూది పట్టుకోవచ్చు.

యూరప్‌కి తీసుకెళ్లడం గురించి, ఆయన మొదట సంచులు పరిచింది ఘానా బజార్లలోనే, రైల్వే స్టేషన్లలో ఫుట్‌బ్రిడ్జిల మీద. అక్కడ జనం చూసి ఇదేంటి అని గొడవపడ్డారు కూడా. కంటైనర్ల మాట మాత్రం మీరన్నది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు.

మిల్లు_సైరన్:
థ్రెడ్ చదువుతుంటే చేతులు ఊరుకోలేదు. మా నాన్న విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశారు, ఆ మిల్లు ఇప్పుడు లేదు, పేరు రాయను. ఉత్తరాంధ్రలో గోగునార పండించేవాళ్లం, భీమునిపట్నం రేవు నుంచి బయటికి పోయేది కాబట్టి వ్యాపారంలో దాన్ని బిమ్లీ జూట్ అనేవారు. రైతు గోగు కోసి కట్టలు కట్టి చెరువులో నానేసి, మోకాళ్ల లోతు కుళ్లు నీళ్లలో నిలబడి నార ఒలిచేవాడు. కాళ్లు పాసిపోయేవి. అక్కణ్ణుంచి మిల్లుకి.

మిల్లులో నార మెత్తబడటానికి నూనె నీళ్లు కలిపి చల్లుతారు. కొత్త గోతానికి ఉండే కిరసనాయిల్ లాంటి వాసన దానిదే. మా నాన్న చొక్కాలన్నిటికీ అదే వాసన. తర్వాత తర్వాత ఫారిన్ చాక్లెట్ కంపెనీలూ కాఫీ కంపెనీలూ ఆ వాసన మా గింజలకి పడుతోంది అని గొడవ చేస్తే ఆ నూనె మాని తవుడు నూనె లాంటివి వాడే ఫుడ్ గ్రేడ్ సంచులు వచ్చాయి, దానికో అంతర్జాతీయ స్టాండర్డ్ కూడా పెట్టారు. గింజకి పట్టిన వాసన గురించి స్టాండర్డ్ వచ్చింది కానీ అదే గదిలో దుమ్ము పీల్చి మనిషి దగ్గుతుంటే దానికి ఇంత తొందరగా ఎవరూ కదల్లేదు.

మా నాన్న నేసిన సంచి ఘానా వెళ్లిందో లేదో నాకు తెలిసే దారి లేదు. కానీ ఎవరో ఒక మనిషి ఆ సంచుల్ని తీసుకెళ్లి ఊరి నడిబొడ్డున నిలబెట్టి చూడండ్రా అన్నాడంటే నాకు చాలా సంతోషంగా ఉంది. నల్లరేగడి గారూ, గోడకి వేలాడదీస్తే ఏం ఒరుగుతుంది అన్నారు కదా, మాలాంటి వాళ్లకి ఇది ఒరిగిందండి.

గోదారి_టు_గ్లాస్గో:
నేను 2024లో లండన్‌లో బార్బికన్ అనే ఆర్ట్ సెంటర్‌లో ఈయన పని చూశా. అది గోనె కాదు, ఊదా గులాబీ రంగుల చేనేత గుడ్డ, 2000 చదరపు మీటర్లు, ఆ సిమెంటు బిల్డింగు చెరువు వైపు మొత్తం కప్పేశారు. ‘పర్పుల్ హిబిస్కస్’ దాని పేరు. అదంతా టమాలేలో నేసి, పరిచి కుట్టడానికి అంత చోటు ఎక్కడా లేక ఫుట్‌బాల్ స్టేడియంలో వేసుకుని వందలమంది కలిసి కుట్టారు. దాని మీద దాదాపు వంద పాత బటకారీలు కుట్టారు, బటకారి అంటే ఉత్తర ఘానాలో మగవాళ్లు వేసుకునే చేనేత అంగీ, తాతల నాటివి ఇళ్లల్లో దాచుకుంటారు, చిరిగినా పారెయ్యరు. లండన్ వానకి గాలికి ఆ అంగీలు తడిసి ఊగుతుంటే ఆఫీసులకెళ్లేవాళ్లు ఆగి చూస్తున్నారు. మగ్గం మీద నేసిన గుడ్డ అంత పెద్దది నేనెప్పుడూ చూళ్లేదు, మా అమ్మమ్మ వాళ్లది పెద్దాపురం, మగ్గం చప్పుడు మధ్య పెరిగినదాన్ని కాబట్టి అది ఎన్ని చేతుల పనో నాకు అర్థమైంది.

బొగ్గుగీత:
అందరికీ నమస్కారం. నేను ఫైన్ ఆర్ట్స్ స్టూడెంట్‌ని హైదరాబాద్‌లో. నల్లరేగడి అన్న అడిగిన డబ్బుల సంగతి గురించి రెండు విషయాలు చెప్పాలి.

ఒకటి కోర్టు కేసు. మహామా పేరు అప్పుడే బయటికొస్తున్న రోజుల్లో ఇద్దరు డీలర్లు ఆయన దగ్గర సంచుల గుట్ట కొన్నారు, వాటిని ముక్కలు ముక్కలుగా కోసి ఫ్రేములకి బిగించి దాదాపు మూడొందల బొమ్మలుగా తయారుచేసి అమ్మబోయారు. ఆయన అవి నా పనులు కావు అన్నాడు. 2015లో వాళ్లు ఆయన మీదే లక్షల డాలర్లకి అమెరికాలో దావా వేశారు. తర్వాతేడాది రాజీ అయింది. అప్పుడే మొదలైన కుర్రాడికి అది ఎంత భయమో ఆలోచించండి, నాకైతే నిద్రపట్టేది కాదు. అక్కడ సంచి కుట్టిన మనుషుల్నుంచి సంచిని విడదీసి వట్టి సరుకు చేశారు, ఆయన పని మొత్తం దానికి వ్యతిరేకం కదా.

రెండోది, సంపాదించింది ఆయన ఏం చేస్తున్నాడు అనేది. 2019లో టమాలేలో ఎస్‌సీసీఏ అని ఒక ఆర్ట్ సెంటర్ పెట్టాడు. తర్వాత ఊరి బయట రెడ్ క్లే అని పెద్ద స్టూడియో, ఎర్ర ఇటుకలతో. అక్కడికి పనికిరాని విమానాలు కొని తెచ్చి పెట్టాడు, లోపల పిల్లలకి క్లాసులు జరుగుతాయి. పాత రైలు పెట్టెలు కూడా తెచ్చాడు, రంగులపెట్టె అక్క చెప్పింది చూడండి ఉత్తరానికి రైలు రాలేదని, ఆ టమాలే పిల్లలు మొదటిసారి రైలెక్కింది ఆ స్టూడియోలోనే. కదలకపోయినా సరే. ఇంకా ఘానా మొదటి ప్రెసిడెంట్ న్‌క్రుమా కాలంలో మొదలుపెట్టి 1966లో ఆయన్ని దించేశాక సగంలో వదిలేసిన గోదాములు దేశమంతా ఉన్నాయి, టమాలేలో అలాంటిదొకటి కొని కల్చరల్ సెంటర్ చేశాడు, 2021లో తెరిచారు, న్‌క్రుమా వోలిని అంటారు. లోపల గబ్బిలాలు కాపురం ఉంటే వాటిని తరిమెయ్యలేదంట. వీటిలో ఎక్కడా టికెట్ లేదు. స్కూలు పిల్లలు బడి అవ్వగానే వచ్చేస్తారు.

నాకైతే ఆయన అసలు ఆర్టు టమాలేలో ఉంది, లండన్‌లో వెనిస్‌లో ఉన్నది దానికి డబ్బు తెచ్చే దారి అనిపిస్తుంది.

నల్లరేగడి:
బొగ్గుగీతా, రెడ్ క్లే సంగతి నాకు తెలీదు, అది బావుంది, ఒప్పుకుంటా. టికెట్ లేకపోవడం చిన్న విషయం కాదు. కానీ ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. సంచులు కుట్టేది వందలమంది, గోడ మీద పేరు ఒకరిది. ఆ వందలమందికి కూలీ ఇచ్చి ఉంటాడు, ఇచ్చాడనే అనుకుందాం. మరి పేరు? సంచి మీద పేరుందని, చేతి మీద పేరుందని ఇంత చెప్పారు కదా, కుట్టినవాళ్ల పేర్లు ఎక్కడ?

రంగులపెట్టె:
అది నేనూ ఆలోచిస్తున్నాను. సినిమాకి చివర్లో లైట్ బాయ్ పేరు కూడా వేస్తారు, ఇక్కడెందుకు వెయ్యరు అనేది న్యాయమైన ప్రశ్నే. ఆయన ఇంటర్వ్యూలలో కుట్టేవాళ్లని కలిసి పనిచేసేవాళ్లు అనే అంటాడు, చాలామంది ఊళ్ల నుంచి బతుకుతెరువుకి వచ్చినవాళ్లే. పని జరుగుతున్నప్పుడు తీసిన ఫొటోలు వీడియోలు కూడా ఎగ్జిబిషన్‌లో పెడతాడు. కానీ ఫొటోలో మొహం ఉండటం వేరు, బోర్డు మీద పేరు ఉండటం వేరు, మీరన్నది నిజం.

టెమా_తెలుగు:
నేను చూసింది చెప్తా. అక్రాలో మకోలా బజారు దగ్గర కయాయే అమ్మాయిలు తల మీద పెద్ద ఎనామిల్ బేసిన్ పెట్టుకుని తిరుగుతుంటారు, అందులోనే సరుకు మోస్తారు, ఎండకి అదే గొడుగు, అలిసిపోతే బోర్లించి దాని మీదే కూర్చుంటారు, కొందరికి వీపున బిడ్డ. మహామా 2025లో వియన్నాలో చేసిన షోలో ఒక డీజిల్ రైలింజన్ని అలాంటి బేసిన్ల గుట్ట మీద నిలబెట్టాడు. ఫొటోలే చూశాను కానీ, ఇక్కడ రోజూ ఆ బేసిన్ కింద ఉన్న మెడ చూసేవాడిని కదా, ఒక్కసారి ఒళ్లు జలదరించింది. రైలు ఎవరి తల మీంచి నడిచిందో ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేరు.

పర్యావరణం గురించి ఇంకో మాట. సంచి చివరికి బొగ్గు దగ్గరికి చేరుతుంది అన్నారు కదా. ఆ బొగ్గులో చాలా ఉత్తరం నుంచి వస్తుంది, చెట్లు కొట్టి కాల్చి. అందులో షియా చెట్లు కూడా పోతున్నాయి, షియా గింజల వెన్న తీసి అమ్ముకునేది అక్కడి ఆడవాళ్లే. చెట్టు పోతే ఆ ఆదాయం పోతుంది, పిల్ల బేసిన్ పట్టుకుని అక్రా బస్సెక్కుతుంది. దక్షిణంలో వంట బొగ్గు కావాలి, ఉత్తరంలో చెట్టు పడాలి. ఆ నల్ల మరక పట్టిన సంచిలో ఇదంతా ఉంది.

ఇలాంటి పని చేసే ఇంకొకాయన కూడా ఉన్నాడు అక్రాలోనే, సెర్జ్ అట్టుక్వే క్లాటీ. పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బాలు ముక్కలు కోసి రాగి తీగతో కుట్టి పరదాల్లా చేస్తాడు. వంటనూనెతో బయటి దేశాల నుంచి వచ్చిన డబ్బాలవి, నీళ్ల కరువులో జనం నీళ్లు పట్టుకోవడానికి వాడారు, అప్పటి ప్రెసిడెంట్ పేరు మీద కుఫోర్ గ్యాలన్లు అనేవారు. ఆ ముక్కలతో తన పేట వీధుల్లో రోడ్డు పరిచినట్టు పరిచాడు కూడా.

మిల్లు_సైరన్:
టెమా_తెలుగు గారూ, వీలైతే ఒక పని చేసిపెడతారా. అక్కడ బజార్లో పాత గోతాలు కనిపిస్తే అంచు దగ్గర నీలం గీతో ఆకుపచ్చ గీతో ఉంటుంది చూడండి, మిల్లు ముద్ర కూడా ఒక్కోసారి మిగిలుంటుంది. ఏ ఊరి మిల్లో చదవగలిగితే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. మా నాన్నకి చూపిస్తాను, ఆయన నేత చూసి చెప్పేస్తారు ఏ రకం మగ్గమో.

టెమా_తెలుగు:
తప్పకుండా అండి. శనివారం బొగ్గు అమ్మే వీధి వైపు వెళ్తాను, అక్కడ దొరికినన్ని చూసి పెడతా.

కోకో_తోట:
ఈ థ్రెడ్ మా ఆవిడకి చదివి వినిపించాను. కొచ్చి వెళ్దాం అంటోంది. ఎప్పటిదాకా ఉంటుంది, ఎక్కడికి వెళ్లాలి చెప్పండి, కోత అయ్యాక కుదురుతుందేమో.

రంగులపెట్టె:
2026 మార్చి 31 దాకా ఉంటుందండి. మట్టాంచేరిలో ఆనంద్ వేర్‌హౌస్ అని అడగండి, ఆటోవాళ్లకి తెలుసు. ఎర్నాకుళంలో దిగి బోటులో ఫోర్ట్ కొచ్చికి దాటితే దగ్గర. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం లోపల ఉక్కగా ఉంటుంది. మిగతా ఎగ్జిబిషన్ కూడా చూడాలంటే రెండ్రోజులు పెట్టుకోండి, కుర్చీల్లో కూర్చోవచ్చా అని ఆంటీ అడుగుతారేమో, అక్కడ మీటింగులు జరిగినప్పుడు జనం కూర్చుంటారు, మామూలు రోజుల్లో ఉన్నవాళ్లని అడిగి కూర్చోండి.